మందు మానడానికి 21 రోజులు, దాచడం మానడానికి మూడేళ్లు: నా అనుభవం

2025 మే 8కి నేను మందు ముట్టక రెండేళ్లు నిండాయి. అసలు మొదటిసారి మానింది 2022 జూన్‌లో. మధ్యలో ఒకసారి జారిపడి పన్నెండు రోజులు మళ్లీ తాగాను. ఆ జారడం గురించే ఎక్కువగా రాయాలని కూర్చున్నాను. ఆసుపత్రిలో చేరేముందు నేను ఎంతమందిని అడిగినా ఆసుపత్రి గురించే చెప్పారు. ఇంటికొచ్చాక మనసులో ఏం జరుగుతుందో ఒక్కరూ చెప్పలేదు. ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఆ పన్నెండు రోజులు తప్పేవేమో.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. వయసు 47. సొంత ఊరు నెల్లూరు జిల్లా దూబగుంటకు దగ్గర. 1992లో సారా కొట్లు మూయించిన ఆడవాళ్లలో మా అమ్మ కూడా ఉంది. చీపురుకట్ట పట్టుకుని సారా కొట్టు ముందు బైఠాయించిన అమ్మను పద్నాలుగేళ్ల వయసులో నా కళ్లతో చూశాను. అలాంటి అమ్మకు పుట్టిన నేను ఇరవై రెండేళ్లకు మొదలుపెట్టి, నలభై దాటేసరికి రోజుకు రెండు క్వార్టర్లు, సీజన్లో మూడు తాగే స్థితికి వచ్చాను. రోజుకు నాలుగైదు వందలు పోయేవి. పొద్దున చేతులు వణికితే సంతకం కుదరదని, యార్డుకు వెళ్లేముందే ఒక గుక్క వేసుకునే దాకా వచ్చింది.

నాకో గట్టి నమ్మకం ఉండేది. నేను తలుచుకుంటే మానేయగలను అని. దానికి కారణం అయ్యప్ప మాల. 2012లో ఒకసారి, 2015లో ఒకసారి మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రెండో రోజే మళ్లీ షాపు ముందు ఉన్నాను. అయినా, నలభై ఒక్క రోజులు ఆగినవాణ్ణి కాబట్టి నాకేం వ్యసనం లేదని ఏళ్ల తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. మాలలో ఉన్నప్పుడు ఊరంతా 'స్వామీ' అని పిలుస్తుంది, పక్కవాడు కూడా మన ముందు సీసా తియ్యడు. నన్ను ఆపింది నా మనోబలం ఒక్కటే కాదు, నా చుట్టూ ఉన్న ఆ కట్టడి. ఈ సంగతి నాకు 2023లో గాని తెలిసిరాలేదు.

2022 మే 20, శుక్రవారం. యార్డుకు వేసవి సెలవులు. మా ఆవిడ నా చెయ్యి పాప తల మీద పెట్టించి ఒట్టు వేయించింది. అలాంటి ఒట్లు అంతకుముందు చాలా అయ్యాయి, కానీ ఆసారి నిజంగానే ఆపేశాను. ఆ రాత్రి నిద్ర లేదు. శనివారం ఒళ్లంతా చెమటలు, గుండె దడ. రాత్రి ఎనిమిదింటికి స్నానాల గదిలో ఫిట్స్ వచ్చి పడిపోయాను. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. ఏళ్లుగా బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చనీ, మూడో నాలుగో రోజుకు మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చనీ అప్పుడు తెలిసింది. దయచేసి ఇది మాత్రం గుర్తుంచుకోండి. చేతులు వణికే స్థాయిలో తాగేవారు ఇంట్లో కూర్చుని సొంతంగా ఆపకండి, ఇంట్లోవాళ్లు ఒట్లు పెట్టి ఆపించకండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియక వ్యసన విముక్తికి ఉన్న 14446 నంబరుకు మా ఆవిడే ఫోన్ చేసింది. తర్వాత తెలిసినవాళ్లు చెప్పిన ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. పడక ఖాళీ లేదు, తొమ్మిది రోజులు ఆగమన్నారు. అంతవరకు పూర్తిగా ఆపొద్దు, మేం చెప్పిన కొలతలో కొద్దికొద్దిగా తగ్గించండి అన్నారు డాక్టర్ గారు. 'డాక్టరే తాగమంటున్నాడేంటండీ' అని బయటికొచ్చి మా ఆవిడ ఏడ్చింది. ఆ తొమ్మిది రోజులు ఆమే కొలిచి గ్లాసులో పోసి ఇచ్చింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో మందు కోసం నేను ఆమె ముందు చెయ్యి చాపింది అప్పుడే. అంతకుముందంతా దొంగతనమే కదా.

జూన్ 6 సోమవారం చేరాను. సంతకం మా ఆవిడ పెడుతుందనుకున్నాను. మీ ఇష్టంతో చేరుతున్నారు కాబట్టి మీరే పెట్టాలి అన్నారు. వణికే చేత్తో ఆ సంతకం పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. సంచీలోంచి బ్లేడు, బెల్టు, షేవింగ్ తర్వాత రాసుకునే లోషన్ తీసి పక్కన పెట్టారు. లోషన్ ఎందుకని అడిగితే, అది కూడా తాగినవాళ్లున్నారు అన్నాడు వార్డు బాయ్. నాకు నవ్వు రాలేదు. నేనూ తాగుతానేమో అని భయం వేసింది.

ఆసుపత్రి గురించి ఎక్కువ రాయను. మొదట బి1 విటమిన్ ఇంజెక్షన్లు, వణుకు తగ్గడానికి మాత్రలు, రోజూ ఆ మాత్రల మోతాదు తగ్గిస్తూ వచ్చారు. మూడో రాత్రి గోడ మీద ఎండుమిరపకాయలు పాకుతున్నట్టు కనిపించాయి. నర్సమ్మ లైటు వేసి, 'ఏమీ లేవు, నేనిక్కడే ఉన్నాను' అని పావుగంట కూర్చుంది. ఎనిమిదో రోజుకు ఒళ్లు తేలికపడింది. పడకకు రోజుకు 1,500 చొప్పున 31,500, మందులకు పరీక్షలకు 12,300, మొత్తం 43,800. బీమా ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. మద్యం వ్యసనానికి చికిత్స మీ పాలసీలో వర్తించదని క్లెయిము తిప్పి పంపారు. మా ఆవిడ గొలుసు తాకట్టుకు వెళ్లింది. మీ పాలసీలో మినహాయింపుల పేజీ ముందే చదువుకోండి.

జూన్ 27న ఇంటికొచ్చాను. మొదటి నెలన్నర ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆకలి వేసింది, అన్నం రుచి తెలిసింది. పాప లెక్కలు చేసుకుంటుంటే పక్కన కూర్చున్నాను. ఇంత సులువా అనిపించింది. సెప్టెంబరు వచ్చేసరికి ఆ వెలుగు ఆరిపోయింది. ఏ పని మీదా మనసు నిలవదు. సినిమా, పండగ, కోడికూర, ఏదీ సంతోషం ఇవ్వదు. ఏడుపూ రాదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. తీపి మీద మాత్రం పిచ్చి కోరిక, రోజుకు పావుకిలో కోవా తినేవాణ్ణి. మందు మానితే ప్రాణం లేచొస్తుందన్నారు, నాకు ప్రాణమే లేనట్టుంది, ఇక జీవితమంతా ఇంతేనా అని భయపడ్డాను. ఆ భయాన్ని ఎవరికీ చెప్పలేదు. ఇంత ఖర్చుపెట్టి మానిపించిన వాళ్లతో నాకు సంతోషంగా లేదని ఎలా అంటాను?

డాక్టర్ గారితో అక్టోబరులో నోరు విప్పాను. ఇన్నేళ్లు మందు ఇచ్చిన ఉత్సాహానికి అలవాటుపడిన మెదడు మామూలు సంతోషాలకు స్పందించడానికి నెలలు పడుతుంది, ఇది తగ్గుతుంది అన్నారు. ఆ ఒక్క మాట ఆసుపత్రి నుంచి పంపేరోజే చెప్పి ఉంటే బాగుండేది. నిజంగానే డిసెంబరు చివర్లో ఒకరోజు, యార్డులో చలిమంట దగ్గర హమాలీ ముఠా వాళ్లతో టీ తాగుతుంటే ఎందుకో మనసు నిండినట్టనిపించింది. ఆరు నెలలు పట్టింది.

ఆ కాలంలోనే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సమావేశాలకు, అంటే మందు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే చోటికి, వెళ్లడం మొదలుపెట్టాను. సాయంత్రం ఏడుకు ఒక బడి గదిలో. ఫీజు లేదు, చివర్లో డబ్బా తిప్పుతారు, ఉన్నవాళ్లు పదో ఇరవయ్యో వేస్తారు. పేరు, ఊరు, కులం ఎవరూ అడగలేదు. ఒకాయన లేచి, పొలం అమ్మి తాగిన సంగతి గొంతు తగ్గించకుండా చెప్పాడు. నేను మొదటి ఆరు వారాలు ఏమీ మాట్లాడలేదు. నాకు స్పాన్సర్‌గా, అంటే కొత్తవాళ్లకు తోడుండే పాత సభ్యుడిగా, ఉన్న అన్న ఒకటే చెప్పాడు: 'తాగాలనిపిస్తే తాగే ముందు ఫోన్ చెయ్. తాగాక అయినా చెయ్.' రెండో మాట నాకు అనవసరం అనుకున్నాను.

ఇంట్లో మాత్రం వేరే కథ. మందు పడకుండా చేసే మాత్ర ఒకటి, డైసల్ఫిరామ్, రోజూ పొద్దున మా ఆవిడ చేత్తో వేసుకోవాలి. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, వాంతులు, గుండెదడ. కొన్ని దగ్గు మందుల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి ప్రతి సీసా మీద అక్షరాలు చదవాల్సి వచ్చేది. మాత్ర వేసి నీళ్లిచ్చి, మింగానో లేదో అని ఆమె నోటివంక చూసేది. నలభై నాలుగేళ్ల మగవాణ్ణి, పసిపిల్లాడిలా నోరు తెరిచి చూపించాలి. జీతం ఆమె చేతికే, జేబులో వంద రూపాయలు. ఎనిమిది నెలలయ్యాక, 2023 ఫిబ్రవరిలో ఒకరోజు అడిగాను: 'ఇంకా నమ్మవా నన్ను?' ఆమె కళ్లు దించుకుంది. మర్నాటి నుంచి మాత్ర ఇవ్వలేదు. నేనేదో గెలిచినట్టు సంబరపడ్డాను. డాక్టర్ గారికి చెప్పలేదు. అప్పటికే సమావేశాలకు వెళ్లడం వారానికి ఒకటికి తగ్గింది. యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే రోజులు, తీరిక లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు వెనక్కి చూస్తే నేను జారడం మొదలైంది ఆ ఫిబ్రవరిలోనే. సీసా చేతికి రావడానికి మరో రెండు నెలలు పట్టింది, అంతే.

ఏప్రిల్ 26. ఇంటర్ ఫలితాలొచ్చాయి. పాపకు వెయ్యికి 962. నేను మానేసి అది మూడు వందల ఇరవై అయిదో రోజు. దుఃఖం వస్తే, గొడవ జరిగితే, డబ్బు పోతే ఏం చెయ్యాలో నాకు అందరూ నేర్పారు. సంతోషం వస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఇరవై ఏళ్లలో మందు లేకుండా నేను ఒక్క సంతోషాన్నీ జరుపుకోలేదు. కాజాలు కొనడానికి బ్రాడీపేట వెళ్లాను. పొట్లం చేతిలో ఉంది. మనసులో ఒక గొంతు ఎంతో ప్రేమగా మాట్లాడింది: ఇన్నాళ్లు కష్టపడ్డావు, పాపను ఇంతదాన్ని చేశావు, ఈ ఒక్కరోజు నీకు ఆ మాత్రం హక్కు లేదా? నన్ను అంత ప్రేమగా అప్పటిదాకా ఎవరూ పలకరించలేదనిపించింది. షాపు నాలుగడుగుల దూరం. క్వార్టర్ కొని నీళ్ల సీసాలో కలిపి, సందులో బండి పక్కన నిలబడి తాగాను. పదిహేను నిమిషాల్లో అయిపోయింది.

ఇంటికి వెళ్లేముందు రెండు కిళ్లీలు నమిలాను. తలుపు దగ్గర పాప పొట్లం అందుకుంది. మా ఆవిడ పరమాన్నం చేస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ తెలియలేదు అనుకున్నాను. నన్ను ముంచింది ఆ క్వార్టర్ కాదు, ఇదే. ఆ రాత్రి మంచం మీద పడుకుని లెక్క వేశాను. 325 కాస్తా సున్నా అయింది. సమావేశంలో చెబితే అందరి ముందు మళ్లీ మొదటి రోజు అని లేవాలి. స్పాన్సర్ అన్నకు చెబితే ఏమంటాడో. మా ఆవిడకు చెబితే గొలుసు గుర్తొస్తుంది. చెప్పకపోతే? ఎలాగూ సున్నా అయ్యాక ఒకరోజు తాగితే ఏంటి, పది రోజులు తాగితే ఏంటి? సరిగ్గా ఇలాగే అనుకున్నాను. మర్నాడు తాగింది కోరికతో కాదు, సిగ్గుతో. ఆ సిగ్గు మొహం చూడలేక తాగాను, తాగినందుకు ఇంకా సిగ్గు, దానికి ఇంకొకటి. అన్న ఫోన్లు తొమ్మిది వచ్చాయి, ఒక్కటీ ఎత్తలేదు.

మే 7 ఆదివారం ఆయనే ఇంటికొచ్చాడు. నేను మంచం మీద ఉన్నాను. వాసన గదంతా ఉంది. తిడతాడనుకున్నాను. 'ఇవాళ తాగావా?' అన్నాడు. చాలాసేపటికి 'తాగానన్నా' అన్నాను. 'సరే. పన్నెండు రోజుల్లో నువ్వు చెప్పిన మొదటి నిజం ఇది. ఇక్కణ్ణుంచి మొదలుపెడదాం' అని నా చెప్పులు వెతికి ఇచ్చాడు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చిన మనిషిని కాబట్టి మళ్లీ చేర్చుకున్నారు, నాలుగు రోజులు, 9,400 రూపాయలు. డాక్టర్ గారు ఎందుకు తాగారని అడగలేదు. 'మూడు వందల పాతిక రోజులు ఎలా ఉండగలిగారు, చెప్పండి' అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజులు ఎక్కడికీ పోలేదనీ, ఆ రోజుల్లో ఏమేం పనిచేశాయో రాసుకురమ్మనీ చెప్పారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి పాప నా పక్కన కూర్చుంది. 'ఫలితాలొచ్చిన రోజే నాకు తెలుసు నాన్నా' అంది. రోజూ తలుపు దగ్గరికి ఎదురొచ్చి నా చేతిలో క్యారియర్ అందుకునేది కదా, ఎంత ప్రేమో అనుకునేవాణ్ణి. చిన్నప్పటినుంచి అది వాసన చూడ్డానికట. వాసనను బట్టి, ఆ రాత్రి అమ్మ గదిలో పడుకోవాలా, తన గదిలో చదువుకోవచ్చా అని తేల్చుకునేదట. ఆరోజు వాసన వచ్చినా అమ్మకు చెప్పలేదు, పరమాన్నం పాడవుతుందని. ఆ తర్వాత ఒక మాట అంది. 'నాకు మార్కులు తక్కువ వచ్చుంటే నువ్వు తాగేవాడివి కాదేమో.' పన్నెండు రోజులు ఆ పిల్ల ఆ ఆలోచన మోసింది. నేను దాచింది నా ఒక్కడి సంగతి అనుకున్నాను.

ఆ తర్వాత చికిత్స మారింది. లివర్ పరీక్షలు చూసి నాల్‌ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాశారు. ఇది భయపెట్టి ఆపే మందు కాదు, కోరిక పదును తగ్గిస్తుంది. మొదటి వారం వికారం, తర్వాత సర్దుకుంది. పది మాత్రలు ఏడు వందలు దాటాయి, తొమ్మిది నెలలు వాడాను. వారం వారం కౌన్సిలింగ్, ఒకసారికి 500. మేడం నాతో ఒక నోటు పుస్తకం పెట్టించారు. తాగాలనిపించిన ప్రతిసారీ టైము, అంతకుముందు ఏం జరిగింది, కోరిక పదికి ఎంత, ఎన్ని నిమిషాలుంది, రాయాలి. కొట్లో చిట్టా రాసేవాణ్ణి కాబట్టి ఇది నాకు బాగా కుదిరింది.

ఆ పుస్తకం నా గురించి నాకు తెలియనివి చెప్పింది. టెన్షన్ వల్ల తాగుతానని ఇరవై ఏళ్లు అందరికీ చెప్పాను. చిట్టా చూస్తే టెన్షన్ ఉన్న గంటల్లో కోరిక లేదు. కాటాలు అయ్యి, రైతుల లెక్కలు తేలి, 'హమ్మయ్య, పనైపోయింది' అనుకున్న పది నిమిషాలకు వస్తోంది. దాదాపు రోజూ ఏడు, ఏడుంబావు మధ్య. మధ్యాహ్నం అన్నం మానేసిన రోజుల్లో ఎనిమిది తొమ్మిది మార్కులు, తిన్న రోజుల్లో నాలుగు అయిదు. ఇంకోటి, ఏ కోరికా అరగంట దాటలేదు. నాకేమో అది తాగేదాకా పెరుగుతూనే ఉంటుందని నమ్మకం. అలలాగా లేచి, పావుగంటలో పడిపోతుంది, ఆ పావుగంట నిలబడి చూడండి అన్నారు మేడం. అప్పటినుంచి సాయంత్రం ఆరున్నరకు కొట్టు పక్క బండి దగ్గర రెండు ఇడ్లీలు తింటున్నాను. ఇంత పెద్ద వ్యసనానికి రెండు ఇడ్లీలా అని మొదట నాకే నమ్మకం కుదరలేదు.

కలల గురించి కూడా రాయాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. నాలుగో నెలలో తెల్లవారుజామున తాగినట్టు కల వచ్చింది. గొంతులో మంట కూడా తెలిసింది. లేచి నా అరచేతులు వాసన చూసుకున్నాను. గుండె కొట్టుకుంటోంది, మళ్లీ పోగొట్టుకున్నానని. కల అని తెలిశాక వెక్కి వెక్కి ఏడ్చాను. సమావేశంలో చెబితే సగం మంది చేతులెత్తారు, వాళ్లకూ వస్తాయట. ఒకాయనకు పదకొండేళ్లయినా అప్పుడప్పుడు వస్తుందట. అలాంటి కల వస్తే మళ్లీ తాగబోతున్నామని అర్థం కాదు.

2024 జులై. మానేసి పద్నాలుగు నెలలు. అంతా బాగుందనుకుంటున్న సమయంలో మా ఆవిడ ఒకరోజు గ్యాస్ బండ దగ్గర మొదలుపెట్టి ఇరవై ఏళ్లు తవ్వి పోసింది. పాపకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయిన రాత్రి నేనెక్కడున్నానో, వాళ్ల నాన్న దినానికి ఎలా వచ్చానో, తేదీలతో సహా. తాగిన రోజుల్లో ఆమె ఇంతలా ఎప్పుడూ అరవలేదు. మానేశాక కూడా ఇదేనా, ఇక మానేసి ఏం లాభం అనిపించింది. బయటికి నడిచాను. తొమ్మిది నలభై. షాపు మూసే టైము దగ్గరపడింది, లైట్లు కనిపిస్తున్నాయి. అన్నకు ఫోన్ చేశాను. 'అన్నం తిన్నావా?' అన్నాడు. తినలేదు. 'ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. నాలుగూ ఉన్నాయి నీకు. ముందు ఆకలి సంగతి చూడు.' బేకరీలో బన్ను కొనుక్కుని అరుగు మీద కూర్చుని తిన్నాను. తినేసరికి షాపు మూసేశారు.

తర్వాతి వారం మేడం మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. 'మీరు తాగినన్నాళ్లు ఆవిడకు కోప్పడే తీరిక కూడా లేదు. భయంతోనే సరిపోయింది. ఇప్పుడు భయం తగ్గింది కాబట్టి కోపం బయటికొస్తోంది' అన్నారు. నేను మానేయడం ఆమెకు నేనిచ్చిన బహుమానం అనీ, దానికి బదులుగా నమ్మకం, గౌరవం వెంటనే రావాలనీ నాలో ఒక లెక్క ఉంది. ఆ లెక్క నాకు అక్కడే కనిపించింది. ఆమె బాకీ పడలేదు, పడింది నేను. ఆరు వారాలు ఆమె విడిగా కూడా మేడంతో మాట్లాడింది. ఇంట్లోవాళ్లకు కూడా ఎవరో ఒకరు వినేవాళ్లుండాలి. ఖర్చుకు వెనకాడితే టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

2024 నవంబరులో అమ్మ పోయింది. ఊరికి బయల్దేరేముందు అన్నకు, మేడంకు, సమావేశంలో ఇంకొకరికి ఫోన్ చేసి చెప్పాను. మా వైపు చావింట్లో మగవాళ్లకు మందు మామూలే. దహనమైన రాత్రి చిన్నాన్న కొడుకు సీసా పట్టుకొచ్చి, 'కొంచెం వేసుకో అన్నా, బాధ తెలియదు' అన్నాడు. చెడ్డ ఉద్దేశం కాదు, నా మీద ప్రేమే. వద్దన్నాను. మూడో రాత్రి మాత్రం నిలవలేకపోయాను. నా 2023 సంగతి అమ్మకు నేను చెప్పనేలేదు. కొడుకు ఒక్కసారి మానేశాడు, ఇక ముట్టలేదు అని ఊరందరికీ చెప్పుకుందట. ఆ మాట పరామర్శకు వచ్చిన ముసలమ్మలు ఒక్కొక్కరే చెబుతుంటే లోపల కోసేసినట్టుంది. చిన్నాన్న వాళ్ల ఇల్లు పక్కనే. సీసా ఎక్కడుందో తెలుసు.

తమ్ముణ్ణి లేపాను. 'నాకు తాగాలనుందిరా' అన్నాను. నా నోటితో ఆ మాట ఇంట్లోవాళ్లతో అనడం అదే మొదలు. వాడికి ఏం చెయ్యాలో తెలియలేదు. కాసేపు నన్నే చూసి, లేచి పొయ్యి వెలిగించి టీ పెట్టాడు. తెల్లారేదాకా వసారాలో ఇద్దరం కూర్చున్నాం. అమ్మకు చెప్పలేకపోయింది వాడికి చెప్పాను. అది అమ్మకు చెప్పినట్టు కాదు, నాకు తెలుసు. ఆ బరువు ఇంకా ఉంది.

2025 మార్చిలో మా ఆవిడ ఏటీఎం కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను అడగలేదు. మే 8 సాయంత్రం సమావేశంలో కేకు కోశారు, మా ఆవిడ, పాప వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. నేను నా పేరు చెప్పి, ఏప్రిల్ 26 సంగతి మొదటినుంచి చెప్పాను, పరమాన్నంతో సహా.

ఇప్పటికీ రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటికొస్తే పాప తలుపు దగ్గరికి వస్తుంది, క్యారియర్ అందుకుంటుంది. మొన్న అడిగాను, 'ఇంకా చూస్తున్నావా అమ్మా?' అని. 'అలవాటైపోయింది నాన్నా, అనుకోకుండానే చూస్తాను' అంది, తప్పు చేసినట్టు మొహం పెట్టి. 'చూడమ్మా, రోజూ చూడు' అన్నాను. ఇప్పుడు నేనే చెప్పులు నిదానంగా విప్పుతూ గుమ్మంలో కాసేపు ఆగుతున్నాను.